సుత్తి నుంచి తోపు దాకా

గత ఏడాది హైదరాబాదు వెళ్ళినప్పుడు మా మేనల్లుడి కంప్యూటర్లో వచ్చిన ఒక చిక్కును విప్పి పెట్టాను. వాడు సంబరంగా “మామయ్యా, మీరు తోపు!” అన్నాడు. తెలుగు మీడియంలో చదువుకున్న నాకు తోపు అంటే మామిడితోపే. నా ముఖం చూసి పక్కనున్న చెల్లెలితో “మామయ్య ట్యూబులైటు” అన్నాడు. అది మాత్రం వెంటనే వెలిగింది. ఆలస్యంగా అర్థం చేసుకునేవాణ్ణి మా కాలేజీ రోజుల్లోనూ అలాగే పిలిచేవాళ్ళం.

ఇంగ్లీషువారు స్లాంగ్ అనే దానికి మనలో స్థిరపడిన పేరు లేదు. మాండలికం ప్రాంతానిది, పరిభాష వృత్తిది. స్లాంగ్ ఒక వయసుది, ఒక జట్టుది. లోపలివారికి నవ్వు, బయటివారికి అయోమయం పంచిపెట్టడం దాని పని. అందుకే దేశం విడిచి వచ్చిన మనం, బయలుదేరిన ఏటి స్లాంగ్ దగ్గరే ఆగిపోతాం.

నేను ఆగిపోయిన మాట ‘సుత్తి’. విసుగు పుట్టించే మాటలను తలమీద ఆగకుండా పడే దెబ్బలతో పోల్చడం ఇందులోని చమత్కారం. 1982లో జంధ్యాల తీసిన ‘నాలుగు స్తంభాలాట’ దీన్ని ఇంటింటికీ చేర్చింది. అందులో నటించిన వీరభద్రరావు, వేలు గార్లకు అదే ఇంటిపేరైంది.

ఇక తోపు. ఉర్దూలో తోప్ అంటే ఫిరంగి. హైదరాబాదులో ఫిరంగులు పోతపోసిన చోటుకు తోప్ కా సాంచా అని పేరు. డాబుసరి మనిషిని ‘తానో తోప్ అనుకుంటున్నాడు’ అని ఎత్తిపొడవడం హిందీ, ఉర్దూలలో ఉన్నదే. మా మేనల్లుడి మాట అక్కడి నుంచి వచ్చినదే అనిపిస్తుంది; తెలుగులో దానికి మెచ్చుకోలు కూడా తోడైంది. ‘తురుంఖాన్’ కథ ఇంకా చిత్రం. 1857 జూలై 17న హైదరాబాదులోని బ్రిటిష్ రెసిడెన్సీపై దాడికి నాయకత్వం వహించిన తుర్రెబాజ్ ఖాన్ పేరే ఇలా మారిందంటారు. ప్రాణమిచ్చిన వీరుడి పేరు ‘నువ్వేమన్నా పెద్ద తురుంఖాన్‌వా?’ అనే వెక్కిరింతలో మిగిలింది.

అమ్మాయి మెప్పు కోసం తియ్యగా మాట్లాడేవాడు ‘పులిహోర కలుపుతున్నాడు’. పులిహోర చేసినవారికి ఇందులోని సొగసు తెలుస్తుంది. అన్నం ఆరబెట్టి, మెతుకు చిదక్కుండా, పులుసు అంతటికీ పట్టేలా ఓపికగా కలపాలి. తొందరపడితే ముద్దవుతుంది.

మరికొన్ని మాటలు అర్థాన్ని తలకిందులు చేస్తాయి. సినిమా బాగుంటే ‘అరాచకం’. నటుడు మెప్పిస్తే ‘పిచ్చెక్కించాడు’. ఇక్కడి పిల్లలు నచ్చినదాన్ని ‘సిక్’ అనడం లాంటిదే ఇదీ. పొగడ్త అరిగిపోయినప్పుడు తిట్టుకున్న బలాన్ని అరువు తెచ్చుకుంటాం.

ఒక్క మాట దగ్గర మాత్రం నాకు నవ్వు రాదు: ‘మెంటల్’. ఇంగ్లీషులో మనసుకు సంబంధించినది అని చెప్పే విశేషణం తెలుగులో మనిషికి తగిలించే తిట్టయింది. ఎర్రగడ్డలో మానసిక చికిత్సాలయం ఉన్నందుకు ఆ పేరు కూడా వెక్కిరింత అయింది.

వైద్యుడిగా దీని ఖరీదు చూశాను. దిగులుతో నిద్రపట్టని తెలుగువారు నా దగ్గర ముందు తలనొప్పి అంటారు, నీరసం అంటారు. మానసిక వైద్యుణ్ణి కలవమని సూచిస్తే, పెద్ద ఉద్యోగంలో ఉన్న ఒకాయన “నేనేమన్నా మెంటలా, డాక్టరుగారూ?” అని లేచి వెళ్ళిపోయారు. తన బాధకు అమ్మభాషలో ఆయనకు దొరికింది ఆ ఒక్క మాటే. మళ్ళీ వచ్చినప్పుడు “మనసు బాగుండటం లేదా?” అని మాత్రం అడిగాను. చాలాసేపు మాట్లాడారు.

స్లాంగ్‌ను ఎవరూ ఆపలేరు, ఆపనక్కర్లేదు. పిల్లలు తెచ్చే కొత్త మాటలను అడిగి నేర్చుకుందాం. ఆ ఒక్క మాటను మాత్రం, కనీసం ఇంట్లో సరదాకైనా అనకుండా ఉందాం. వింటున్నవారిలో ఎవరికి నిద్రపట్టడం లేదో మనకు తెలియదు.