చేప పేగులోకి బాక్టీరియా ఎక్కడి నుంచి వస్తుంది?

అమ్మకో నాన్నకో బదిలీ అయి కొత్త ఊరు వెళ్తే, మొదటి వారంలో ఇంట్లో వినిపించే మాట "ఇక్కడి నీళ్లు పడలేదు" అని. చెరువు మారిన చేపపిల్ల పేగులో కూడా మార్పులు వస్తాయి.

ఏలూరు జిల్లాలో కొల్లేరు చుట్టూ, కైకలూరు వైపు ఎక్కడ చూసినా చేపల చెరువులే. అక్కడ ఎక్కువగా పెంచేవి శీలావతి, బొచ్చె. హేచరీలో గుడ్డు నుంచి బయటపడిన పిల్ల పేగులో బాక్టీరియా దాదాపు ఉండదు. రెండు మూడు రోజులు అది పొట్టకు అంటుకున్న సొన సంచితోనే బతుకుతుంది. తర్వాత నోరు తెరిచి మేత మొదలుపెడుతుంది. అప్పుడు గుడ్డు పొర మీదివి, నీటిలోవి, మేతకు అంటినవి, అడుగు బురదలోవి, అన్ని రకాల బాక్టీరియా లోపలికి చేరతాయి.

మన జీర్ణాశయంలోని ఆమ్లం చాలా సూక్ష్మజీవులను చంపేస్తుంది. శీలావతి, బొచ్చెలకు అసలు జీర్ణాశయమే లేదు. గొంతు దాటితే నేరుగా పేగే. కాబట్టి ఆమ్లం అనే కాపలా వాటికి లేదు.

అలాగని చేప పేగులో ఉన్నదంతా చెరువు నీరే అనుకోకూడదు. 2006లో అమెరికా శాస్త్రవేత్తలు సూక్ష్మజీవులు లేకుండా పెంచిన జీబ్రా చేపలకు ఎలుకల పేగు బాక్టీరియాను, అలాగే పెంచిన ఎలుకలకు జీబ్రా చేపల బాక్టీరియాను ఎక్కించారు. రకాలు ఇచ్చిన జీవివే. కానీ వాటి పాళ్లు మారి, పుచ్చుకున్న జీవికి సహజమైన పాళ్లకు దగ్గరయ్యాయి. అంటే బాక్టీరియాను అందించేది పరిసరాలైతే, ఏది ఎంత పెరగాలో తేల్చడంలో శరీరానికీ పాత్ర ఉంది.

అలా నిలిచినవి ఊరికే ఉండవు. సీటోబాక్టీరియం అనేది చేపకు బి12 విటమిన్ తయారుచేసి ఇస్తుంది. శాంతినికేతన్‌లోని విశ్వభారతి పరిశోధకులు శీలావతి పిల్లల పేగులో బాసిల్లస్ బాక్టీరియాను గుర్తించారు. అవి మేతను అరిగించే ఎంజైములను తయారుచేస్తాయి.

ఏరోమోనాస్ సంగతి వేరు. ఆరోగ్యంగా ఉన్న చేపలోనూ అది ఉండవచ్చు. చేపలు కిక్కిరిసి, నీరు పాడై, ఆక్సిజన్ తగ్గితే అదే ఒంటి మీద ఎర్రటి పుండ్లు తెస్తుంది. అప్పుడు విచక్షణ లేకుండా యాంటీబయాటిక్ వాడితే మేలు చేసే బాక్టీరియా కూడా చస్తుంది. మందుకు లొంగని రకాలు మిగిలి బలపడతాయి. ఆ మొండితనం మనుషులకు జబ్బు తెచ్చే బాక్టీరియాకూ పాకవచ్చు. రేపు మనకు జబ్బు చేస్తే అదే మందు పనిచేయకపోవచ్చు.

అందుకే తెలిసిన రైతు మందు డబ్బా కంటే ముందు చెరువు వైపు చూస్తాడు. పంట తీశాక చెరువు ఎండగట్టి సున్నం చల్లుతాడు, మేత మిగిలి కుళ్లకుండా కొలిచి వేస్తాడు, పిల్లలను మితంగా వదులుతాడు. నీరు బాగుంటే చేప పేగూ బాగుంటుంది.