దారిలో కూలిన మనిషి – చూస్తున్నవారి బాధ్యత



సర్వస్తోత్రాలు మనలను పుట్టించి పోషిస్తున్న అల్లాహ్‌కే. అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, ఆయన కుటుంబంపైనా, సహచరులపైనా శాంతి శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! మన సీతాఫల్‌మండి బజారులోనో, ఎంఎంటీఎస్ స్టేషన్‌లోనో ఒక మనిషి ఉన్నట్టుండి కుప్పకూలాడనుకోండి. క్షణంలో జనం గుమిగూడతారు. ఒకరు ‘అయ్యో పాపం’ అంటారు. ఒకరు ‘తాగి పడ్డాడేమో’ అంటారు. ఇద్దరు ముగ్గురు సెల్‌ఫోన్‌లో వీడియో తీస్తారు. ఇంతమందిలో ఎవరో ఒకరు ఆదుకోకపోతారా అని ప్రతివారూ అనుకుంటారు. అందరూ అలా అనుకున్నందువల్లనే ఎవరూ ముందుకు రారు. దీనికి రేపు అల్లాహ్ సన్నిధిలో లెక్క ఉందా? తప్పకుండా ఉంది.

జనాజా నమాజు ఫర్జె కిఫాయా అని మనందరికీ తెలుసు. కొందరు నెరవేరిస్తే మిగతావారి బాధ్యత తీరిపోతుంది. ఎవరూ నెరవేర్చకపోతే తెలిసీ మిన్నకున్న వారందరూ పాపభారం మోస్తారు. ఆపదలో ఉన్న ప్రాణిని ఆదుకోవటం కూడా ఇలాంటిదే. అక్కడ ఆదుకోగలవారు మీరొక్కరే అయితే అది మీకు ఫర్జె ఐన్ అవుతుంది. జనాజాను భుజాన మోయటానికి పోటీపడే మనం, ప్రాణం ఉండగా ఆ మనిషికి చేయి అందించటానికి వెనుకాడటం ఎంతటి విడ్డూరం!

ధర్మవేత్తలు ఈ విషయాన్ని ఎంత తీవ్రంగా పరిగణించారో చూడండి. నమాజులో ఉన్న వ్యక్తికి ఒక అంధుడు బావివైపు వెళ్ళటం కనిపిస్తే, నమాజును విరమించి అతణ్ణి కాపాడటం విధి అని హనఫీ ఫిఖ్‌హ్ గ్రంథాలు పేర్కొంటున్నాయి. నమాజును తిరిగి చేసుకోవచ్చు. పోయిన ప్రాణం తిరిగి రాదు.

పడిపోయినవాడు ఏ మతస్థుడని అడగవలసిన పని లేదు. ఒక యూదుని శవయాత్ర సాగిపోతుంటే దైవప్రవక్త (స) లేచి నిలబడ్డారు. అతను యూదుడని సహచరులు గుర్తుచేసినప్పుడు, అతనిదీ ప్రాణమే కదా అన్న భావంతో బదులిచ్చారు. దివ్య ఖుర్ఆన్ 5వ సూరా 32వ ఆయత్‌లో అల్లాహ్ ఒక ప్రాణాన్ని కాపాడటాన్ని సమస్త మానవాళిని కాపాడటంతో పోల్చాడు. ఇక ‘తాగి పడ్డాడు’ అనే అనుమానం సంగతి. రక్తంలో చక్కెర పడిపోయిన మధుమేహ రోగి, పక్షవాతం వచ్చిన రోగి కూడా తూలుతారు, మాట తడబడతారు. ఒకవేళ నిజంగా తాగినవాడే అయినా, అతని పాపం లెక్క అల్లాహ్ చూసుకుంటాడు. అతని ప్రాణం లెక్క మనల్ని అడుగుతాడు.

అయితే సదుద్దేశం ఒక్కటే చాలదు, జ్ఞానమూ కావాలి. ప్రవక్త (స) కాలంలో ప్రయాణంలో ఒకరి తలకు రాయి తగిలి గాయమైంది. అతనికి గుసుల్ విధి కాగా, తయమ్ముమ్ చేసుకోవచ్చా అని తోటివారిని అడిగాడు. కూడదన్నారు. అతను స్నానం చేసి మరణించాడు. ఆ సంగతి విన్న ప్రవక్త (స) వారిని తీవ్రంగా మందలించారు. తెలియనప్పుడు తెలిసినవారిని అడగటమే అజ్ఞానానికి మందు అని బోధించారు. కనుక ఈ విషయాలు నేర్చుకుందాం.

మొదట గుంపును వెనక్కి పంపి గాలి ఆడనివ్వాలి. తట్టి పిలవాలి. 108కి ఫోన్ చేసి, వీధి పేరు, గుర్తు స్పష్టంగా చెప్పాలి. స్పృహ లేని వ్యక్తి నోట్లో నీళ్ళు పోయకూడదు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. శ్వాస సరిగా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఎత్తునుండి పడినవారిని, మెడకో వెన్నుకో దెబ్బ తగిలినట్లుంటే, అక్కడ మరో ప్రమాదం లేనంతవరకు కదిలించరాదు. మూర్ఛ వచ్చినవారిని అదిమి పట్టరాదు. చేతిలో తాళాలగుత్తి పెట్టటం, చెప్పు వాసన చూపటం వల్ల ప్రయోజనం లేదు. తలకు దెబ్బ తగలకుండా చూసి, మూర్ఛ ఆగాక పక్కకు తిప్పాలి. స్పృహ, శ్వాస రెండూ లేకపోతే ఛాతీ మధ్యలో రెండు అరచేతులతో కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుండి 120 సార్లు, అంబులెన్స్ వచ్చేదాకా నొక్కాలి. 2023 ఫిబ్రవరిలో మన నగరంలోని ఆరాంఘర్ వద్ద కుప్పకూలిన ఒక వ్యక్తికి ట్రాఫిక్ కానిస్టేబుల్ ఒకరు ఇలాగే ప్రాణం నిలిపారు. ఆయన వైద్యుడు కాదు, నేర్చుకున్నవాడు.

పడిపోయినది పరస్త్రీ అయితే ఎలా అని కొందరు సంకోచిస్తారు. దగ్గరలో తెలిసిన మహిళ ఉంటే ఆమెను పిలవండి. లేకపోతే వేచి ఉండకండి. ప్రాణావసరం నిషిద్ధాలను సడలిస్తుందన్నది ఫిఖ్‌హ్ సూత్రం. అవసరమైన మేరకే తాకి, ఆమె వస్త్రం సర్ది, గౌరవాన్ని కాపాడండి. వీడియో తీయటం మాత్రం స్త్రీ అయినా పురుషుడైనా తగదు. తోటివాని మానాన్ని కప్పి ఉంచటం మన ధర్మం.

పోలీసుల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరగాలన్న భయం కొందరిది. రోడ్డు ప్రమాదాల విషయంలో 2019 సవరణతో మోటారు వాహన చట్టంలో 134ఏ సెక్షన్ చేరింది. ప్రతిఫలం ఆశించక సదుద్దేశంతో బాధితుణ్ణి ఆదుకున్నవారికి అది రక్షణ కల్పిస్తుంది. పేరు, చిరునామా చెప్పమని వారిని బలవంతపెట్టరాదు. గాయపడినవారికి లాంఛనాల పేరిట చికిత్స ఆలస్యం చేయరాదని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో తీర్పు చెప్పింది.

సోదరులారా! ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రి మనకు ఎంతో దూరం కాదు. కానీ జుమా వేళ మసీదు ముందు మనం అడ్డదిడ్డంగా నిలిపిన బండ్ల మధ్య అంబులెన్స్ ఆగిపోతే, ఆ దగ్గరతనం వల్ల ఏం లాభం? దారిలోని ముళ్ళకొమ్మను తొలగించినవానిని అల్లాహ్ మన్నించాడని ప్రవక్త (స) తెలియజేశారు. మన బండి ఒకరి ప్రాణానికి ముల్లు కారాదు. ప్రతి మసీదులో పదిమంది యువకులు సిపిఆర్ నేర్చుకోవాలి. ఎవరైనా పడిపోయినప్పుడు ‘ఎవరైనా ఫోన్ చేయండి’ అనకుండా ఒకరిని వేలితో చూపి ‘నువ్వు 108కి ఫోన్ చెయ్యి’ అని, మరొకరిని ‘నువ్వు గల్లీ మొదట్లో నిలబడి అంబులెన్స్‌కు దారి చూపు’ అని పురమాయించాలి. పని ఒకరి పేరున పడితేనే జరుగుతుంది.

ఓ అల్లాహ్! మా కళ్ళెదుట కూలిన మనిషిని దాటిపోని హృదయాన్ని మాకు ప్రసాదించు. ఆదుకునే చేతులకు జ్ఞానాన్ని ఇవ్వు. మేము పడిపోయిన రోజున మమ్మల్ని లేపేవారిని మా దరికి పంపు. ఆమీన్!