కొత్త ల్యాప్‌టాప్ ఎందుకు? ఎస్‌ఎస్‌డీ మారిస్తే సరి!

పది గంటలకి ఆన్‌లైన్ టెస్ట్. తొమ్మిదిన్నరకే ల్యాప్‌టాప్ ఆన్ చేశారు. విండోస్ తెరుచుకోవడానికే ఐదు నిమిషాలు పట్టింది. బ్రౌజర్ నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంది. కెమెరా, స్క్రీన్ షేరింగ్ అనుమతులు అడిగేసరికి మొత్తం బిగుసుకుపోయింది. ఇంట్లో కొత్తది కొనమని అడగాలంటే మొహమాటం. ఫీజులకే నాన్న ఎంత సర్దుబాటు చేశారో తెలుసు కదా!

ఇలాంటప్పుడు ముందు అనుమానించాల్సింది హార్డ్‌డిస్క్‌ని. ల్యాప్‌టాప్‌లలో వచ్చే చాలా హార్డ్‌డిస్క్‌లలో పళ్లెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంటే, సన్నటి చెయ్యి ఒకటి దానిమీద ఫైళ్లు వెతుకుతుంది. ఆలస్యమంతా ఆ వెతుకులాటలోనే. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే ఉండదు, అంతా చిప్‌లే.

ముందు రోగం తెలియాలి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ దగ్గర హెచ్‌డీడీ అని ఉండి, వాడకం తరచూ 100 శాతానికి చేరుతుంటే ఎస్‌ఎస్‌డీతో తేడా కచ్చితంగా కనిపిస్తుంది. ఇప్పటికే ఎస్‌ఎస్‌డీ ఉండి, మెమరీ నిండిపోతుంటే ఆ డబ్బు ర్యామ్ మీద పెట్టండి. నెట్ నెమ్మదిగా ఉంటే మాత్రం ఈ రెండూ ఏం చెయ్యలేవు.

మీ దాంట్లో ఏది పడుతుంది?

పాత ల్యాప్‌టాప్‌లో 2.5 అంగుళాల హార్డ్‌డిస్క్ ఉంటే దాని స్థానంలో సాటా ఎస్‌ఎస్‌డీ సరిపోతుంది. వేగం సెకనుకు సుమారు 550 ఎంబీ. ఎం.2 స్లాట్ ఉంటే చూయింగ్‌గమ్ పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీ పడుతుంది. ఇక్కడే చాలామంది పొరపడేది. ఎం.2 అన్నది ఆకారం మాత్రమే. కొన్ని స్లాట్‌లు సాటానే తీసుకుంటాయి, కొన్ని ఎన్‌వీఎంఈ తీసుకుంటాయి. మోడల్ నంబరుతో కంపెనీ సర్వీస్ మాన్యువల్ చూశాకే కొనండి. పొడవు కూడా చూడాలి: 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు.

బెల్లం పాఠం

మెరిసే రంగు చూసి బెల్లం దిమ్మ కొనకూడదని అనకాపల్లి వాళ్లకి వేరే చెప్పాలా? ఎస్‌ఎస్‌డీ కూడా అంతే. అట్టపెట్టె మీద 7000 ఎంబీ అని ఉన్న జెన్ 4 రకాన్ని జెన్ 3 స్లాట్‌లో పెడితే పనిచేస్తుంది గానీ, సుమారు 3500 దగ్గరే ఆగిపోతుంది. ఆ అదనపు డబ్బు వృథానే. దానికి బదులు మూడు విషయాలు చూడండి: చిప్ టీఎల్‌సీయా, క్యూఎల్‌సీయా (ఎక్కువసార్లు రాయడాన్ని సాధారణంగా టీఎల్‌సీ బాగా తట్టుకుంటుంది), టీబీడబ్ల్యూ ఎంత, వారంటీ ఎన్నేళ్లు. చదువుకీ, కోడింగ్‌కీ 500 జీబీ చాలు. ధరలు మారుతుంటాయి కాబట్టి, షాపులోనూ ఆన్‌లైన్‌లోనూ అదే రోజు పోల్చుకోండి. నమ్మలేనంత చవగ్గా వస్తే అనుమానించండి. బిల్లు తప్పనిసరి. బిగించాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చూస్తే, ఎన్ని గంటలు వాడారో తెలుస్తుంది. కొత్తదని అమ్మినదాంట్లో వందల గంటలు కనిపిస్తే వెంటనే వెనక్కిచ్చేయండి.

మార్చే ముందు

రెజ్యూమే, సర్టిఫికెట్లు, ప్రాజెక్ట్ కోడ్ వేరేచోట దాచుకోండి. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకోండి. ల్యాప్‌టాప్ వారంటీలో ఉంటే, మూత తెరిచే ముందు సర్వీస్ సెంటర్‌ని అడగండి. పాత హార్డ్‌డిస్క్‌ని పారెయ్యకండి, యూఎస్‌బీ కేస్‌లో పెడితే బ్యాకప్‌కి పనికొస్తుంది.

చివరగా ఒక్కమాట. టెస్ట్ ముందురోజు రాత్రి ఈ పని పెట్టుకోవద్దు. కనీసం వారం ముందే మార్చి, కెమెరా ఆన్ చేసి ఒక మాక్ టెస్ట్ రాసి చూసుకోండి. అసలు పరీక్షలో మీ దృష్టి తిరిగే చక్రం మీద కాదు, ప్రశ్నల మీద ఉండాలి.