అరవైలో ఆపడం ఎవరు నేర్పుతారు?

లైసెన్సు ఇవ్వడానికి మనల్ని ఎనిమిది వేయమంటారు. కాలు కింద పెట్టకుండా, గీత దాటకుండా, నడక కంటే కాస్త ఎక్కువ వేగంలో ఆ అంకె చుట్టి వస్తే కార్డు చేతికొస్తుంది. అరవైలో పోతున్నప్పుడు గేదె అడ్డమొస్తే ఎలా ఆపాలో అక్కడ ఎవరూ అడగరు. అంతకు ముందు కూడా ఎవరూ చెప్పి ఉండరు. మా కృష్ణా జిల్లాలో బండి నేర్చుకోవడమంటే మావయ్య వెనక కూర్చుని ‘క్లచ్ మెల్లగా వదలరా’ అని అరుస్తుంటే కాలవ గట్టు మీద నాలుగు సాయంత్రాలు తిరగడం. జీవితాంతం ఆ చదువుతోనే నడిపేస్తాం.

నేను కూచిపూడివాణ్ని, మెడికల్ రెప్‌ని. పొద్దున పామర్రు, గుడివాడ. మధ్యాహ్నం మొవ్వ, చల్లపల్లి. డాక్టరుగారు పేషెంట్లతో తీరిక లేకుండా ఉంటే అవనిగడ్డ నుంచి చీకట్లో ఇంటికి. శాంపిళ్ల సంచీ, వాన కోటు, నేను, బండి. ఇల్లు గడిచేదే దీని మీద కాబట్టి ఎప్పటికైనా దీన్ని పద్ధతిగా నేర్చుకోవాలని ఉండేది. కొత్తవాళ్లకు రేస్ ట్రాక్ మీద రోజంతా నేర్పుతారని తెలిసి మద్రాసు బయల్దేరాను. “పెళ్లాం బిడ్డలున్నవాడివి, ఇప్పుడు రేసులేంట్రా?” అంది అమ్మ. పామర్రులో నా బండి చూసే మెకానిక్ బాబాయి ఇంకో మాటన్నాడు. “మన రోడ్ల మీద తిరగడానికి ట్రాకెందుకురా అబ్బాయ్?”

బాబాయి ప్రశ్న తీసిపారేసేది కాదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వాళ్లలో నూటికి 44 మందికి పైగా టూవీలర్ మీద వెళ్తున్నవాళ్లే. రేసులు నేర్చుకోని వాళ్లే ఇంతమంది పోతుంటే, ట్రాక్ మీదికి వెళ్లొచ్చినవాడు ఇంకా దూకుడుగా తోలడా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. అక్కడ ఏం నేర్పుతారో చూస్తే ఆ అనుమానం చాలావరకు తీరుతుంది.

ట్రాక్ డే అంటే

రేసు లేని రోజున ట్రాక్‌ని మామూలు జనానికి అద్దెకిస్తారు. దాన్నే ట్రాక్ డే అంటారు. కొత్తవాళ్ల బ్యాచ్‌లో మొదటి స్థానం, కప్పు, టైము లెక్క ఏవీ ఉండవు. ఎదురుగా వచ్చే బండి ఉండదు, గుంట ఉండదు. దారి తప్పితే పడిపోయే కాలవ కూడా ఉండదు. అన్ని భయాలూ ఒకేసారి తీసేసి, మిగిలిన ఒక్క పని మీద మనసు పెట్టనివ్వడం దాని ఉద్దేశం.

మన వైపు నుంచి వెళ్లేవాళ్లకు దగ్గరి పెద్ద ట్రాక్ చెన్నై పక్కన శ్రీపెరంబుదూరు దగ్గర, ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లది. ఆ క్లబ్ 1953లో పుట్టింది. మొదట్లో రెండో ప్రపంచ యుద్ధం నాటి షోలవరం ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులు నడిపేవాళ్లు. 1990 నాటికి సొంత ట్రాక్ వచ్చింది. పొడవు 3.7 కిలోమీటర్ల పైచిలుకు, మలుపులు పన్నెండు. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఇంకాస్త చిన్నది, రెండు కిలోమీటర్ల పైమాట. ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ అయిదు కిలోమీటర్లు దాటుతుంది, 2023 సెప్టెంబరులో మోటోజీపీ జరిగింది అక్కడే. అదే ఏడాది ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరుగెత్తాయి గానీ, అవి ఊరి రోడ్లు. రేసు అయిపోగానే మళ్లీ బస్సులకీ ఆటోలకీ వదిలేశారు.

అంచేత మద్రాసే దారి. మా ఊరివాళ్లకు ఆ దారి కొత్తేం కాదు. కూచిపూడిలో పుట్టిన నాట్యాచార్యులు వెంపటి చినసత్యం గారు 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టింది మద్రాసులోనే. ఆయన నాట్యం నేర్పిన ఊరికి బండి నేర్చుకోవడానికి నేను వెళ్లాను. బెజవాడ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో బండి అప్పజెప్పాలంటే ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, గోనె చుట్టించాలి, ఆర్‌సీ కాపీ ఇవ్వాలి. అదంతా ముగించి నేను పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

అద్దాలు విప్పేశారు

పొద్దున్నే ముందు బండికి పరీక్ష. గొలుసు ఎంత వదులుంది, బ్రేకు ప్యాడ్లు ఎంత మిగిలాయి, టైర్లు ఎలా ఉన్నాయి, ఆయిల్ ఎక్కడైనా కారుతోందా అన్నీ చూస్తారు. ఒక చుక్క ఆయిల్ ట్రాక్ మీద పడితే వెనక వచ్చేవాడు జారిపోతాడు. హెడ్‌లైటుకి టేపు అంటించాలి, పడితే గాజు పెంకులు చెదరకుండా. అద్దాలు విప్పేయాలి. ఆ మాట వినగానే మా బ్యాచ్‌లో అందరం మొహాలు చూసుకున్నాం. దాటే బాధ్యత పూర్తిగా వెనకవాడిదే, ముందువాడు తన దారి తాను చూసుకుంటే చాలు, అది అక్కడి నియమం. తర్వాత లెదర్ సూటు, వీపుకి రక్షణ పలక, చేతులకు గ్లౌజులు, చీలమండ దాటే బూట్లు, మొహం మొత్తం కప్పే హెల్మెట్. సూటు లేనివాళ్లకు అద్దెకు దొరుకుతుంది.

జెండాల పాఠం విడిగా చెబుతారు. పసుపు ఊపితే ముందు ప్రమాదం ఉంది, ఎవర్నీ దాటకూడదు. ఎరుపు ఊపితే మెల్లగా పిట్‌లోకి, అంటే బళ్లు ఆపే చోటికి, వచ్చేయాలి. నల్లది చూపిస్తే పిలుపు ప్రత్యేకంగా నీకే. గళ్ల జెండా అంటే ఈ విడత అయిపోయింది. ఒక్కో విడత పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. ముందు తరగతి గదిలో ఒక్క విషయం చెబుతారు, వెంటనే ట్రాక్ మీద ఆ ఒక్కటే చేయిస్తారు. దిగి వచ్చాక కోచ్ పక్కన నిలబడి మలుపు మలుపుకీ ఏం చేశామో అడుగుతాడు.

మొదటి విడతకి ఇచ్చిన పని విని నవ్వొచ్చింది. ఒకే గేరులో నడపాలి, బ్రేకు ముట్టుకోకూడదు. మా ఊళ్లో నాట్యంలో అడవు నేర్పేటప్పుడు గురువుగారు పిల్లల చేత నెమ్మదైన మొదటి కాలంలోనే నెలల తరబడి వేయిస్తారు. అక్కడ కాలు, చెయ్యి, తాళం కుదిరితేనే రెండో కాలం, ఆ తర్వాతే మూడోది. ఇదీ అంతే. బ్రేకు లేదు కాబట్టి మలుపులోకి ఎంత వేగంతో పోవాలో ముందే తేల్చుకోవాలి. గేరు మార్చే పని లేదు కాబట్టి కుడి మణికట్టు ఏం చేస్తోందో మొదటిసారి తెలుస్తుంది. మలుపులో రైజ్ (యాక్సిలరేటర్) తెగ్గోస్తే బరువు ముందు టైరు మీద పడి బండి నిలకడ తప్పుతుంది. తిప్పడం పూర్తి కాగానే కొంచెం కొంచెంగా రైజ్ ఇస్తూ పోతే బరువు వెనక్కి సర్దుకుని బండి నిలకడగా గీత పట్టుకుంటుంది.

భయం వేస్తే చెయ్యి చేసే పని

1980లో అమెరికాలో కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ పెట్టిన కీత్ కోడ్ అనే ఆయన ఈ చదువుకి ఒక క్రమం ఏర్పరచాడు. ఆ స్కూలు మద్రాసు ట్రాక్‌కీ వచ్చి పాఠాలు చెబుతూ ఉంటుంది. మలుపులో భయం వేస్తే మనిషి ఒంట్లో పుట్టే స్పందనలే బండిని పడేస్తాయన్నది ఆయన చెప్పిన అసలు సంగతి. భయపడగానే రైజ్ వదిలేస్తాం. హ్యాండిల్ బిగించి పట్టుకుంటాం. చూపు కుంచించుకుపోయి, దేన్ని తప్పించుకోవాలో దాని మీదే అతుక్కుంటుంది. చూపు ఎక్కడుంటే బండి అక్కడికే పోతుంది. మన కాలవ రోడ్ల మీద మలుపు దగ్గర నేరుగా నీళ్లలోకి పోయిన బండి కథ ప్రతి ఊళ్లో ఒకటుంటుంది. ఇంకాస్త వంచితే తిరిగిపోయే మలుపులే చాలా ఉంటాయి, ఆ క్షణంలో చూపు మాత్రం నీళ్ల మీద ఉంటుంది.

“కళ్లెక్కడ పెట్టారు సార్?” అని మా కోచ్ అరవం కలిసిన తెలుగులో ప్రతి విడతకీ అడిగేవాడు. మలుపు మొదట్లో ఎక్కడ తిప్పాలో ముందే చూసి పెట్టుకోవాలి. అక్కడికి చేరకముందే చూపు లోపలి అంచుకి, అక్కడి నుంచి బయటికి వెళ్లే దారికి జరిగిపోవాలి. ట్యాంకుని మోకాళ్లతో పట్టుకుంటే చేతుల మీద బరువు ఉండదు, మోచేతులు వదులుగా ఆడతాయి.

తిప్పడం గురించి చెప్పింది వింటే మొదట ఎవరూ నమ్మరు. వేగం కాస్త అందుకున్నాక బండి కుడికి తిరగాలంటే కుడి హ్యాండిల్‌ని ముందుకు నెట్టాలి. చక్రం ఒక్క క్షణం ఎడమకి తిరుగుతుంది, బండి కుడికి వాలుతుంది, వాలిన వైపే మలుపు తీసుకుంటుంది. మనమందరం తెలియకుండా చేస్తున్నది ఇదే. విమానం ఎగరేసిన రైట్ సోదరుల్లో విల్బర్ అంతకు ముందు సైకిళ్ల వ్యాపారి. ఎడమకి ఎలా తిప్పుతారని ఎందరినో అడిగి చూశాననీ, మొదటిసారే పూర్తిగా సరిగ్గా చెప్పినవాడు ఒక్కడూ దొరకలేదనీ ఆయన అన్నాడు. తెలియకుండా చేసే పని ఆపదలో చెయ్యికి గుర్తు రాదు. తెలిసి చేస్తే, ఎదురుగా రాయి కనబడినప్పుడు ఒక్క నెట్టుతో తప్పుకోవచ్చు.

ముందు బ్రేకు మీద అపవాదు

‘ముందు బ్రేకు కొడితే ఎగిరి పడతావు’ అన్నది మన ఊళ్లలో తాతల నాటి ఉపదేశం. అందుకే చాలామంది కుడి కాలు ఒక్కదాన్నే నమ్ముకుంటారు. నిజానికి బ్రేకు పడగానే బండి బరువు ముందుకి వస్తుంది. వెనక చక్రం తేలికై జారుతుంది, ముందు చక్రం నేలను గట్టిగా పట్టుకుంటుంది. ఆపే బలంలో ఎక్కువ పాలు ముందు బ్రేకుదే. ఎగిరి పడేది ఒక్కసారిగా గుంజినవాడు. మొదట మెల్లగా నొక్కి, బరువు ముందుకి వచ్చాక బలం పెంచినవాడికి బండి తిన్నగా ఆగుతుంది. 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. అది చక్రం బిగుసుకోకుండా చూస్తుంది. నొక్కే పని మాత్రం మనమే చేయాలి.

వేగం లెక్క కూడా కోచ్ బోర్డు మీద వేసి చూపించాడు. అరవైలో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటుతుంది. తేరుకోవడానికి ఒక సెకను పట్టిందనుకుంటే, పొడి తారు మీద సరిగ్గా బ్రేకు వేసినా ఇంకో ఇరవై మీటర్లు. మొత్తం 37. ఎనభైలో అయితే 58 దాకా పోతుంది. పెంచింది ఇరవై, ఆగడానికి అదనంగా కావలసింది ఇంకో ఇరవై ఒక్క మీటర్లు. వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగింతలవుతుంది. ఈ లెక్క చేతితో అనుభవించి వచ్చినవాడు బందరు రోడ్డు మీద ముందు బస్సుకి అంటుకుని పోడు. బాబాయికి నేను చెప్పిన జవాబు ఇదే.

ట్రాక్ నేర్పనివి

ఇరుంగాట్టుకోట్టైలో ధాన్యం ఆరబోసిన రోడ్డు లేదు. మా దగ్గర కోతల కాలంలో సగం తారు వడ్లదే, వాటి మీద బ్రేకు వేస్తే గింజలు దొర్లిపోతాయి. దమ్ము ట్రాక్టరు పొలం నుంచి ఎక్కినచోట బురద ముద్దలుంటాయి. ఉయ్యూరు ఫ్యాక్టరీకి పోయే చెరుకు ట్రాక్టర్లకు వెనక లైటు ఉందో లేదో దగ్గరికొస్తే గానీ తెలియదు. సంక్రాంతి మంచులో అయితే కాలవేదో రోడ్డేదో అన్నట్టుంటుంది. వీటికి ట్రాక్ దగ్గర మందు లేదు. అక్కడి గీత ఇక్కడ గీయాలనుకుంటే మరీ ప్రమాదం. ట్రాక్ మీద రోడ్డు మొత్తం వాడుకుంటాం, ఊళ్లో సగమే మనది. అక్కడి నుంచి తెచ్చుకోవలసినవి చూపు, వదులు చేతులు, మణికట్టు నిదానం, ముందు బ్రేకు. వేగం గేటు దగ్గరే వదిలేసి రావాలి.

ఖర్చు తక్కువేం కాదు. ఫీజు, సూటు అద్దె, పెట్రోలు, ప్రయాణం అన్నీ కలిపితే నాలాంటి ఉద్యోగి నెల జీతంలో పెద్ద ముక్కే పోతుంది. మా ఊరి కుర్రాళ్లు “అన్నా, మమ్మల్నీ పంపించు” అంటుంటారు. వాళ్లకు ఒక వరస చెబుతాను. ముందు ఐఎస్ఐ గుర్తున్న, మొహం కప్పే హెల్మెట్ కొనండి, కొన్నాక బకిల్ పెట్టుకోండి. రెండోది, అరిగిన టైర్లు మార్చి, వారానికోసారి గాలి చూసుకోండి. మూడోది, ఆదివారం పొద్దున ఖాళీ కాలేజీ గ్రౌండుకి పోయి, ముప్ఫైలో వచ్చి గుర్తు పెట్టిన చోట ముందు బ్రేకుతో ఆపడం సాధన చేయండి, అది కుదిరాకే నలభై. ఈ మూడూ చేశాక డబ్బు మిగిలితే మద్రాసు వెళ్లండి. చేయకుండా వెళ్తే మీ డబ్బుతో మీరు కొనుక్కునేది ఒక ఫొటో.