పితూరీయా, పోరాటమా?

సెలవుల్లో మా అవ్వకు ఒక పుస్తకంలోని ‘మన్యం పితూరీ’ గురించి చదివి వినిపించాను. “మనోళ్లు చాడీలు చెప్పారా?” అని అడిగింది!

1922లో అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర వాళ్లు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడి తుపాకులు పట్టుకెళ్లారు. తెల్లదొరలు దాన్ని పితూరీ అని రాసుకున్నారు. వాళ్లకది అల్లరి. మనకది పోరాటం. జరిగింది ఒక్కటే, మాటను బట్టి తప్పు ఎవరిదో మారిపోతుంది.

2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ఎవరైనా రాయవచ్చు, దిద్దవచ్చు. ఏ మాట వాడాలో తేలకపోతే ‘చర్చ’ పేజీలో ఆధారాలు చూపి మాట్లాడుకోవాలి. ‘చరిత్ర’ నొక్కితే పాత మాట కూడా కనిపిస్తుంది.

మా ఇంట్లో బడికొచ్చింది నేనే మొదలు. అవ్వ రాయలేదు, మనం రాయగలం. ఊరికే కొట్టేయకుండా, కారణం చెప్పి రాద్దాం.