బావి నోటి దగ్గర ఒక పట్టణము



2024 డిసెంబరులో బంధువులతో కలిసి మెక్సికో దేశములోని యుకటాన్ ప్రాంతమును చూచే అవకాశము మాకు కలిగినది. కాన్‌కూన్ పట్టణమునుండి తెల్లవారుజామున వ్యానులో బయలుదేరి, సుమారు 200 కిలోమీటర్లు ప్రయాణించి, మాయా ప్రజల ప్రాచీన పట్టణమైన చిచెన్ ఇట్సాకు చేరుకున్నాము. దారి పొడవునా చదునైన నేల, పొట్టి చెట్ల అడవి. ఒక్క నదిగాని, వాగుగాని కనబడలేదు. "ఇక్కడ నదులు లేవా?" అని అడిగాము. మా గైడు మాయా భాష మాట్లాడే స్థానికుడు. ఆయన నవ్వి, "ఉన్నాయండి, మన కాళ్ల క్రింద" అన్నారు.

ఆ ప్రాంతమంతా సున్నపురాయి నేల. వాననీరు పైన నిలువదు. రాతి సందులలో ఇంకి భూమి అడుగున ప్రవహిస్తుంది. లోపలి గుహ పైకప్పు కూలిపోయిన చోట పెద్ద గొయ్యి ఏర్పడి, దాని అడుగున ఆ నీరు కనబడుతుంది. దానిని సెనోతే అంటారు. మనుష్యులు త్రవ్వని బావి అన్నమాట. చిచెన్ ఇట్సా అను పేరునకు "ఇట్సా వారి బావి నోటి దగ్గర" అని అర్థము. నీరున్నది గనుకనే అక్కడ పట్టణము వెలిసినది. బిందెలతో దూరమునుండి నీరు మోసిన మన తల్లులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

మొదట కుకుల్కాన్ గుడిని చూశాము. సుమారు 30 మీటర్ల ఎత్తుగల రాతి కట్టడమది. నాలుగు వైపుల 91 మెట్ల చొప్పున, పైన ఒక మెట్టుతో కలిపి మొత్తము 365. సంవత్సరములో ఎన్ని దినములో అన్ని మెట్లు! మార్చి, సెప్టెంబరు నెలలలో పగలు, రాత్రి సమానమయ్యే రోజులలో, సాయంకాలపు వెలుగునీడలు మెట్ల ప్రక్కగా పాము దిగుచున్నట్లు కనబడతాయట. ఇప్పుడు ఎవరినీ పైకి ఎక్కనివ్వరు. మేమును క్రిందనే నిలిచి చూశాము.

అక్కడనుండి తెల్లని రాతిబాట వెంట నడిచి పెద్ద సెనోతే అంచుకు వెళ్లాము. దాని వెడల్పు దాదాపు 60 మీటర్లు. నీరు చాలా లోతున, పచ్చగా, కదలక ఉన్నది. కరువు కాలములో మనుష్యులను సజీవముగా ఇందులో పడవేసేవారని 16వ శతాబ్దములో వ్రాయబడినది. 1904లో ఎడ్వర్డ్ థాంప్సన్ అను అమెరికా దేశస్థుడు అడుగు బురదను తోడించగా బంగారము, పచ్చరాళ్లు, మనుష్యుల ఎముకలు బయటపడినవి. వాటిలో చిన్నపిల్లల ఎముకలు కూడా ఉన్నవి.

"ఎంత ఘోరము!" అని మేము అనేశాము. గైడు కాదనలేదు. "ఘోరమే. అయితే ఆ సంగతి వ్రాసినవారెవరో తెలుసా?" అని అడిగారు. ఆయన డియెగో దె లాండా అను స్పెయిన్ దేశపు క్రైస్తవ సన్యాసి. 1562లో మాని అను ఊరిలో మాయా ప్రజల గ్రంథములను తగులబెట్టించినవాడు ఆయనే. విగ్రహములను పూజించుచున్నారని ఆ ప్రజలను చిత్రహింసలు పెట్టించినవాడును ఆయనే. నేడు లోకమంతటిలో మాయా వారి చేతివ్రాత గ్రంథములు నాలుగే మిగిలినవి. అది విని మేము కొంతసేపు మాటలాడలేకపోయాము. పరుల పాపమును లెక్కించుటకు తొందరపడిన మాకు, క్రీస్తు పేరు ధరించిన చేతులు చేసిన పని అక్కడ నిలిచి వినవలసి వచ్చినది.

ఆ ఊరిలో షటోలోక్ అను మరియొక సెనోతే ఉన్నది. అనుదినము త్రాగుటకు నీరు అక్కడనుండి తెచ్చుకునేవారు. బలుల బావి గురించి లోకమంతా చెప్పుకొంటుంది. దాహము తీర్చిన బావిని అడిగేవారు తక్కువ.

మధ్యాహ్నము దగ్గరలోనే ఉన్న ఇక్ కిల్ అను సెనోతేకు వెళ్లాము. సుమారు 26 మీటర్ల క్రింద నీరు. రాతి మెట్లు తడిగా ఉన్నవి గనుక పట్టుకొని దిగాలి. పైనుండి చెట్ల వేళ్లు తాళ్లవలె వ్రేలాడుచున్నవి. దిగకముందు స్నానము చేసి, ఒంటికి పూసుకున్న క్రీములన్నీ కడుగుకోవాలన్నారు. "నీళ్లలోకి దిగేవారికి మళ్లీ స్నానమెందుకు?" అని మా పిల్లలు సణిగారు.

గైడు చెప్పిన జవాబు మేము మరువలేదు. "మా నాయనమ్మ ఇటువంటి నీళ్లతోనే వంట చేసేది. ఇక్కడ మీరు వదిలిన మురికి ఇక్కడే ఉండదు, రాతి సందులగుండా ఇంకొక ఊరి బావికి చేరుతుంది" అన్నారు.

పిల్లలు మారు మాటలేక స్నానము చేసి వచ్చారు. లైఫ్ జాకెట్లు తొడుగుకొని అందరము దిగాము. నీరు చల్లగా, లోతుగా ఉన్నది. వెల్లకిల తేలుతూ పైకి చూస్తే గుండ్రని ఆకాశము, వ్రేలాడే వేళ్లు కనబడినవి.

మాయా ప్రజలు అంతరించిపోయారని మనము చదివియుంటాము. అది నిజము కాదు. బలుల బావి సమీపమున దొరికిన 64 మంది మగపిల్లల ఎముకలను పరిశోధించి, ఆ ప్రాంతములో ఇప్పుడున్న మాయా వారు వారి రక్తసంబంధీకుల సంతతియేనని 2024లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ పిల్లల బంధువులలో ఒకరే ఆ దినమున మాకు దారి చూపి ఉండవచ్చు.

తిరిగి వచ్చుచుండగా వ్యానులో మా చిన్నవాడు, "నాన్నా, మన ఊరి బావిలో చెత్త వేస్తున్నారుగదా, అది ఎక్కడికి పోతుంది?" అని అడిగాడు. ఆ ప్రశ్నను మీ యెదుట కూడా ఉంచుచున్నాము.