ఎంత గీజరు కావాలి?

చలికాలం వచ్చిందంటే పొయ్యి మీద కాగు ఎక్కుతుంది. కట్టెలు, పొగ, కళ్లమంట. అందుకే ఇప్పుడు చాలామంది గీజరు కొంటున్నారు.

పెద్దది కొంటే మేలు అనుకుంటారు. కానీ లెక్క చూసుకోవాలి. 15 లీటర్ల గీజరులో నీళ్లు బాగా కాగుతాయి. వేన్నీళ్లకు చన్నీళ్లు తోడు అంటారు కదా! చన్నీళ్లు కలిపితే రెండు బకెట్లు అవుతాయి. ఇద్దరికి సరిపోతాయి. ఇంకో ఇద్దరుంటే అరగంటలో మళ్లీ కాగుతాయి.

25 లీటర్లు కాగడానికి సుమారు 1 యూనిట్ కరెంటు కావాలి. 15 లీటర్లకు అర యూనిట్ పైచిలుకు చాలు. వాడని నీళ్లు చల్లారిపోతే ఆ డబ్బు దండగే.

స్టార్ గుర్తులు ఎక్కువున్నది కొనండి. అందులో నీళ్లు తొందరగా చల్లారవు.

ఎర్తు వైరు తప్పకుండా వేయించండి. లేకపోతే షాకు కొడుతుంది, ప్రాణానికే ముప్పు. స్విచ్ ఆపిన తర్వాతే స్నానం చేయండి. పిల్లలకూ ఈ మాట చెప్పండి.